ముందిరుసుకూ వెనకిరుసుకూ కుదరని లెక్క

మొదటే ఒప్పుకుంటాను. భూమి లోపల ఏముందో పైనుంచి చెప్పే ఉద్యోగం ముప్పై ఏళ్ళకు పైగా చేసినవాణ్ణి, నా సొంత బండి కింద ఏముందో వంగి చూడలేదు. కాగితం చూశాను. కాగితం ఒకటి చెబితే, ఇనుము ఇంకొకటి చెప్పింది. నేను కాగితం పక్షాన నిలబడ్డాను. ప్రభుత్వ ఉద్యోగికి అది పుట్టుకతో వచ్చే గుణం కాదు గానీ, ప్రొబేషన్ పూర్తయ్యేసరికి వచ్చేస్తుంది.

బండి అంటే పాత పికప్ ట్రక్కు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక సామాను తొట్టి, అవసరమైతే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు. మా ఆఫీసు సర్వే పనుల మీద రాళ్ళూ రప్పలూ, వాగులూ వంకలూ తిరిగిన బండి. నేను రిటైరైన ఏడాదే దాని మీదా తుక్కు ముద్ర పడింది. నాకు శాలువా కప్పారు, దానికి టార్పాలిన్ కప్పారు. అంతకు మించి మా ఇద్దరి వీడ్కోలు సభలకూ పెద్ద తేడా లేదు. వేలంలో ఎవరూ చెయ్యెత్తకపోతే నేనెత్తాను. ఉప్పల్లో మా ఇంటి ముందు దాన్ని ఆపగానే మా ఆవిడ గేటు దగ్గరే నిలబడి, "ఇంట్లో ఒక రిటైర్డు ఉన్నది చాలలేదా అండీ?" అంది.

బండికి ఉన్న జబ్బు ఒక్కటే. వేగం పెంచితే వెనక ఇరుసులోంచి పిల్లనగ్రోవి లాంటి కూత వచ్చేది. ఇరుసు మధ్యలో కొబ్బరిబోండంలా ఉబ్బెత్తుగా ఒక ఇనప డొల్ల ఉంటుంది. డిఫరెన్షియల్ అంటారు. ఇంజను వైపు నుంచి తిరుగుతూ వచ్చే షాఫ్టు అందులో దూరుతుంది. లోపల పినియన్ అనే చిన్న పళ్ళచక్రం క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది, ఆ క్రౌన్ బండి చక్రాలను తిప్పుతుంది. పెద్దదానికి ఎన్ని పళ్ళు, చిన్నదానికి ఎన్ని పళ్ళు అన్నదే ఆ ఇరుసు జాతకం. నాలుగు చక్రాలతో లాగే బండిలో ముందిరుసు జాతకమూ వెనకిరుసు జాతకమూ కలిసి తీరాలి. కలవకపోతే, ఒకటి పదడుగులు వేసే వేళకు ఇంకొకటి పదకొండు వేస్తానని పేచీ పెడుతుంది. పెళ్ళిళ్ళలో ఆ మాత్రం తేడా సర్దుకుపోతుంది. ఇనుము సర్దుకోదు.

నాచారం పారిశ్రామికవాడలో, ఒక మందుల ఫ్యాక్టరీ గోడ పక్కన, ఇలాంటి బండ్లు చూసే ఉస్తాద్ షెడ్డు ఉంది. ఇంకొకరు చెవి మీద పెన్సిలు పెట్టుకునే చోట ఆయన చాక్‌పీసు పెట్టుకుంటాడు. వెనక డొల్ల విప్పి, అరిగిపోయిన క్రౌన్‌ను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో దాని అంచు తడిమాడు.

"సార్, గీ పాతదానికి పండ్లు జర ఎక్కువున్నట్టు కొడ్తున్నయ్. ముందుది గూడ ఇప్పి సూద్దామా?"

"అక్కర్లేదు ఉస్తాద్. ఆఫీసు నుంచి బండితో వచ్చిన లాగ్ బుక్కులో స్పష్టంగా ఉంది. రెండు ఇరుసులూ ఒకటే. పెద్దదానికి ముప్పై తొమ్మిది, చిన్నదానికి ఎనిమిది. ఆ లెక్క ప్రకారమే కొత్త సెట్టు తెప్పించాను."

"బుక్కు లాగదు సార్, బండి లాగాలె," అన్నాడు ఉస్తాద్.

నేను నవ్వి, లాగ్ బుక్కు ఆయన ముందు తెరిచి, వేలు పెట్టి చూపించాను. ఆయన చదవలేదు. అట్టనే చూసి, "మంచిగుంది సార్ అట్ట," అని కొత్త సెట్టు బిగించాడు. పాతది మూలనున్న తుక్కులో పడింది. ఆ వారం తుక్కు లారీ వచ్చి దాన్ని తీసుకుపోయింది.

కూత పోయింది. ఉప్పల్ నుంచి నాచారానికీ, అక్కణ్ణుంచి మల్కాజిగిరికీ రెండు చక్రాల బలంతో హాయిగా తిరిగాను. ఆ ఆదివారం మా ఆవిణ్ణి ఎక్కించుకుని, "ఇప్పుడు నాలుగు చక్రాల నడక ఎలా ఉంటుందో చూడు," అని కాలనీ సిమెంటు రోడ్డు మీద, గేరు పక్కన నాలుగు చక్రాలకూ బలం కలిపే రెండో లివరు లాగాను.

నాలుగిళ్ళు దాటామో లేదో బండి మూలగడం మొదలుపెట్టింది. టైర్లు కీచుమన్నాయి. ఒళ్ళంతా బిగదీసుకుని, కడుపునొప్పి వచ్చినవాడిలా ముందుకు వంగి, నిలబడిపోయింది. లివరు వెనక్కి లాగితే రాదు. రెండు చేతులతో లాగినా, కాలు తన్నిపెట్టి లాగినా రాదు.

"నాలుగు చక్రాల నడక ఇదేనా?" అంది మా ఆవిడ.

బండి ఆగిపోయిన చోటు కాలనీ సంఘం కార్యదర్శిగారి గేటు. ఆయన మా ఆఫీసులోనే స్టోర్స్ ఆఫీసరు. ఈ బండి ఫైలు మీద "పనికిరాదు" అని రాసి సంతకం పెట్టిన చెయ్యి ఆయనదే. మా కాలనీ మా ఆఫీసు వాళ్ళంతా కలిసి కట్టుకున్నది కాబట్టి పాత ఫైళ్ళ నుంచి ఇక్కడ ఎవరికీ విముక్తి లేదు. ఆయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"ఏం సార్, నేను బయటికి పంపిన తుక్కు మళ్ళ నా గేటు కాడికే వచ్చిందా? బండికి గూడ దారి యాదికుందే!"

ఆ మాటకు పక్కింటి బాల్కనీలో ఎవరో నవ్వారు. నాకు ఆ నవ్వు కంటే "తుక్కు" అన్న మాటే గుచ్చుకుంది. ఆ మాటను ఆయన బండి వైపు చూస్తూ మొదలుపెట్టి నా వైపు చూస్తూ ముగించారు.

మర్నాడు ఉస్తాద్ వచ్చి ముందు చక్రం ఒకదాని కింద జాకీ పెట్టి లేపాడు. నేల వదిలిన మరుక్షణం ఆ చక్రం "ధడ్"మని దానంతటదే తిరిగింది. ఇనుములో ముడుచుకున్న కోపమంతా ఒక్కసారి విప్పుకుంది. లివరు వదులైంది.

"ముందుదొక తీరు, ఎనకదొక తీరు సార్. నేనప్పుడే చెప్పిన. ఇగ గట్లనే నాలుగింటి మీద నడిపితే లోపల గేర్లు ముక్కలైతయ్. ఒక పని జేద్దాం, ముందు షాఫ్ట్ ఇప్పి ఇస్త. రెండు చక్రాల మీద ఆరామ్‌గ తిరుగున్రి."

అందరూ అదే చెప్పారు. రెండు చక్రాలు చాలవా ఈ వయసులో, ఉప్పల్లో ఏ కొండలెక్కాలి అన్నారు. నాకు కొండలెక్కే పని లేదు. కానీ నాలుగు చక్రాల బండిని రెండు చక్రాలకు కుదించి, పెన్షన్ ఇచ్చి మూల కూర్చోబెట్టే పనికి నేను సంతకం పెట్టను. అలాంటి కుదింపు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ సాయంత్రమే సంఘం సమావేశం. మా కాలనీలో నలుగురు కూర్చుంటే టీ కంటే ముందు మినిట్స్ పుస్తకం వస్తుంది. కార్యదర్శిగారు విషయం ఎత్తారు. రోడ్డు మీద తుక్కు బండ్లు నిలపకూడదన్నది కాలనీ నియమం. నేను లేచి, అది తుక్కు కాదు, నాలుగు చక్రాలతో లాగే బండి అన్నాను.

"లాగుతదా? నిన్న నా గేటు కాడ సూసినం గద," అన్నారాయన. "సరే. కాలనీ చివర ఖాళీ ప్లాటు కాడ పైపుల కోసం తవ్విన నల్లమట్టి గుట్ట ఉంది. వానకు బురదై ఉంది. నాలుగు చక్రాల మీద అది ఎక్కి దిగుతే ఎన్నేండ్లన్న పెట్టుకోన్రి మీ ఇంటి ముంగట. లేకుంటే తుక్కోనికి ఫోన్ జేస్త."

"ఎక్కిస్తాను," అన్నాను.

ఆయన అక్కడికక్కడే రాశారు: సదరు వాహనము నాలుగు చక్రముల బలముతో గుట్టనెక్కునని పదిహేను దినములలో నిరూపింపబడనిచో, తుక్కుగా భావించి తరలించవలెను; కార్యదర్శి స్వయముగా పరిశీలించవలెను. నా వైపు తిప్పారు. సంతకం పెట్టాను. ఏ సంతకాన్నయినా పెట్టాకే చదవడం నాకు అలవాటు.

మర్నాటి నుంచి బండి కింద పడుకోవడం మొదలుపెట్టాను. ఇరుసు ఏదో తెలుసుకోవాలంటే దాని మీదే ఏదో ఒక గుర్తు ఉంటుందన్నారు. డొల్ల మూత బోల్టు కింద చిన్న రేకు బిళ్ళ ఉండాలి. లేదు, ఎప్పుడో రాలిపోయింది. ఇరుసు గొట్టం మీద అంకెలు కొట్టి ఉండాలి. కిరోసిన్ పోసి, ఇనప బ్రష్షుతో రుద్ది, నా ముఖం మీదికి ఇరవై ఏళ్ళ గ్రీజు రాల్చుకున్నాక మూడు అంకెలు బయటపడ్డాయి. నాలుగోది తుప్పు తినేసింది. లాగ్ బుక్కులో ఉన్న ఇరుసు నంబరులో ఆ మూడు అంకెలూ ఎక్కడా లేవు.

మిగిలిన దారి ఒక్కటే. చక్రం తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టడం. షాఫ్టు మీద ఒకటి, టైరు మీద ఒకటి సున్నపు గీతలు గీశాను. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ముందు కుడి చక్రం ఒక్కటి జాకీ మీద లేపాను. నేను చక్రం తిప్పాలి, మా ఆవిడ చాప మీద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెట్టాలి.

"ఒకటి... రెండు... రెండున్నర దాటింది, మూడు కాలేదు," అంది.

చక్రం ఒక చుట్టుకు షాఫ్టు రెండున్నర పైచిలుకు. నేను లేచి కూర్చున్నాను. అలాంటి ఇరుసు ఈ దేశంలో ఏ ట్రక్కుకూ లేదు. నా చేతిలో ఏదో అపురూపమైన వస్తువు పడిందనుకుని ఉస్తాద్‌కు ఫోన్ చేసి చెప్పాను.  అవతల షెడ్డులో నలుగురికి వినిపించేలా నవ్వాడు.

"సార్, రెండో చక్రం నేల మీదనే ఉంది గద?"

"ఉంది."

"అది నిలబడ్తే ఇది డబల్ తిరుగుతది సార్. డిఫరెన్షల్ పనే గది. మీరు తిప్పింది ఒక చుట్టు గాదు, సగమే. రెండు చుట్లు తిప్పి లెక్కవెట్టున్రి. ఇంజినీర్లకు గూడ నేనే చెప్పాల్నా!"

నేను ఇంజినీరును కానని చెప్పబోయి, అది నా పక్షాన వాదన కాదని ఊరుకున్నాను. మా ఆవిడ మళ్ళీ చాప మీద పడుకుంది. ఈసారి రెండు చుట్లు. "ఐదు... ఐదుంబావు దాటింది... ఆగండి, ఇంకొంచెం..." ఐదూ, ఆ పైన మూడో వంతుకు కాస్త ఎక్కువ. అంటే ముందిరుసులో పెద్ద చక్రానికి నలభై మూడు పళ్ళు, చిన్నదానికి ఎనిమిది. వెనక నేను కొని బిగించింది ముప్పై తొమ్మిదికి ఎనిమిది. లారీ ఎక్కిపోయిన ఆ పాత అరిగిన సెట్టే ముందుదానికి సరైన జంట. దాన్ని నేనే విడగొట్టాను.

"మరి ఆ పుస్తకంలో ముప్పై తొమ్మిదని ఎవరు రాశారండీ?" అంది మా ఆవిడ, చీరకంటిన సున్నం దులుపుకుంటూ.

పుస్తకం తెచ్చి చూశాను. మొదటి పేజీలో బండి వచ్చిన రోజున ఎవరో రాశారు. ఆ తర్వాత ఏటేటా ఒకే వరుస: "ఇరుసులలో మార్పులు లేవు." కింద సంతకం. ఆ సంతకం నాది.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక ఏడాది అనంతపురం వైపు సర్వేకి బయల్దేరే ముందు వెనకిరుసు గొట్టం చిట్లింది. కొత్తది కావాలంటే స్టోర్స్‌కు కాగితం పెట్టాలి. కాగితం పెడితే వేసవి దాటుతుంది. షెడ్డులో ఇంకో బండి మూలన పడి ఉంది. దాని ఇరుసులు రెండూ తీసి మా బండికి వేసేశాం. "రెండూ మార్చాలె సార్, జంట విడగొట్టొద్దు," అని మా డ్రైవరు నొక్కి చెప్పాడు కూడా. రాసిపెడితే స్టోర్స్ ఆఫీసరుకు తెలుస్తుంది, తెలిస్తే సంజాయిషీ అడుగుతారు. అందుకని రాయలేదు. అలా నేనే ఏటేటా అబద్ధం రాసి, ఇన్నేళ్ళ తర్వాత నా అబద్ధాన్ని నేనే నమ్మి, దాని ప్రకారం సామాను కొన్నాను. మోసపోవాలంటే మామూలుగా ఇంకొకరు కావాలి. నాకు ఆ ఖర్చు కూడా లేదు.

మా ఆవిడకు చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వి, "అయితే ఇప్పుడు తుక్కుకి వేస్తారా?" అంది.

"ఇప్పుడు అసలు వెయ్యను," అన్నాను.

నాచారంలో పాత బండ్ల సామాను గుట్టలు పోసి అమ్మే షెడ్లు వరసగా ఉంటాయి. రోజూ పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి పోయేవాణ్ణి. క్రౌన్లు కుప్పలుగా ఉంటాయి గానీ ఏది ఎన్ని పళ్ళదో ఎవరూ రాసిపెట్టరు. లెక్కపెట్టాలి. జీవితమంతా పన్ను కట్టినవాణ్ణే గానీ పన్ను లెక్కపెట్టినవాణ్ణి కాదు. ఒకే చక్రాన్ని మూడుసార్లు లెక్కపెడితే ఒకసారి నలభై రెండు, ఒకసారి నలభై నాలుగు వచ్చాయి, మూడోసారి మధ్యలో షెడ్డు ఓనరు "చాయ్ తాగుతరా సార్?" అనడంతో ఏమీ రాలేదు. తోడు వచ్చిన ఉస్తాద్ చెవి మీంచి చాక్‌పీసు తీసి నా చేతిలో పెట్టాడు.

"మొదటి పన్నుకు గీత వెట్టున్రి సార్. యాడ మొదలైనమో తెల్వకుంటే యాడ ఆగాల్నో ఎట్ల తెలుస్తది?"

గడువుకు మూడు రోజుల ముందు, ఒక గుట్ట అడుగున, నూనె మట్టి అట్టకట్టిన సెట్టు ఒకటి దొరికింది. గీత పెట్టాను. నలభై మూడు. మళ్ళీ పెట్టాను. నలభై మూడు. చిన్నదానికి ఎనిమిది. నేను గట్టిగా అరిచాననుకుంటాను, ఎదురు షెడ్డులో వెల్డింగ్ చేసేవాడు ముసుగు పైకెత్తి చూశాడు.

ఉస్తాద్ దాన్ని కడిగి, పళ్ళకు ఎర్రరంగు పూసి, తిప్పి చూసి, రంగు ఎక్కడ చెరిగిందో కళ్ళు చిట్లించి చూసి, సన్నని రేకులు తీస్తూ వేస్తూ ఒక పగలంతా కూర్చుని బిగించాడు. అయ్యాక రెండు ఇరుసులూ నేను మళ్ళీ లెక్కపెడతానన్నాను.

"నా మీద నమ్మకం లేదా సార్?"

"నా మీదే లేదు ఉస్తాద్."

ముందు ఐదూ మూడో వంతు పైచిలుకు. వెనకా అంతే. ఈసారి వంగి, నా కళ్ళతో చూశాను.

పదిహేనో రోజు పొద్దున ఖాళీ ప్లాటు దగ్గర కాలనీ సగం పోగైంది. కార్యదర్శిగారు తెల్లచొక్కా, మినిట్స్ పుస్తకంతో వచ్చి దూరంగా గట్టు మీద నిలబడ్డారు.

"కానియ్యున్రి సార్. సూస్తున్న."

"అక్కణ్ణుంచి కాదు సార్. స్వయముగా పరిశీలించవలెను అని మీరే రాశారు. లోపల కూర్చోండి."

"లోపటనా?"

"పైనుంచి చూస్తే లోపల ఏముందో తెలియదు సార్. నేను ముప్పై ఏళ్ళు ఆ పొరపాటే చేశాను."

జనం ముందు కాదనలేక ఎక్కారు. లివరు లాగాను. బురదలో వెనక చక్రాలు ఒక్క క్షణం జారాయి. కార్యదర్శిగారు పుస్తకాన్ని గుండెలకు హత్తుకున్నారు. ముందు చక్రాలు పట్టు దొరికించుకున్నాయి. మూలుగు లేదు, బిగదీయడం లేదు. బండి గొంతు తగ్గించుకుని, ఒక్కో జానెడు మింగుతూ, గుట్ట ఎక్కింది, అటు దిగింది. ఉస్తాద్ ఈల వేశాడు. ఇంకా నమ్మకం కుదరలేదేమోనని మళ్ళీ ఎక్కించి దించాను.

"సాలు సాలు," అన్నారాయన. "రాస్త. దింపున్రి ఇగ."

"ఈ బురదలో ఎక్కడ దిగుతారు సార్? మీ గేటు దాకా దింపుతాను."

ఆయన తన చెప్పుల వైపు, బురద వైపు చూసి సరేనన్నారు. రోడ్డెక్కగానే లివరు వెనక్కి తీశాను, మెత్తగా వచ్చింది. ఆయన గేటుకు ఎడమవైపు తిరగాలి. నేను కుడివైపు తిప్పాను.

"గిటెందుకు?"

"కొత్తగా బిగించిన పళ్ళు సార్. మొదట్లో మెల్లగా, కాసేపు తిప్పి అలవాటు చేయమని ఉస్తాద్ చెప్పాడు."

ఉస్తాద్ ఆ మాట నిజంగానే చెప్పాడు. అన్ని వీధులూ తిప్పమని మాత్రం చెప్పలేదు. మొదటి గేరులో, మనిషి నడక కంటే మెల్లగా, ఒకటో వీధి నుంచి ఎనిమిదో వీధి దాకా తీసుకెళ్ళాను. ప్రతి మలుపులోనూ హారన్ కొట్టాను. జనం గేట్ల దగ్గరికి వచ్చారు. తుక్కు అని సంతకం పెట్టిన మనిషి ఆ తుక్కులో నిటారుగా కూర్చుని, బురద చిమ్మిన అద్దంలోంచి ఊరేగింపులా వెళ్ళడం అందరూ తీరిగ్గా చూశారు. ఐదో వీధిలో రైల్వేలో చేసి రిటైరై, ఈమధ్యే అద్దెకు దిగిన ఒక పెద్దావిడ మొక్కలకు నీళ్ళు పోస్తూ ఆగి, "ఏం సార్, బండి కొన్నరా? మస్తుంది!" అని కేకేసింది.

కార్యదర్శిగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "నాది కాదమ్మా, ఇన్‌స్పెక్షన్," అన్నారు.

ఆవిడకు ఇంజను చప్పుడులో వినిపించలేదనుకుంటాను. నేను బండి ఆపాను. "మళ్ళీ ఒకసారి చెప్పండి సార్, పాపం వినిపించలేదు," అన్నాను.